వెనక స్పీకర్లు పలకడంలా: హాల్లో సరౌండ్ సౌండ్ సమస్యలు, పరిష్కారాలు

నెల్లూరైనా, కావలైనా, ఒంగోలైనా మన ఇళ్లల్లో హాలు ఇంచుమించు ఒకే తీరు. 12 అడుగుల వెడల్పు, 16 అడుగుల పొడవు, ఒక గోడకు టీవీ, ఎదుటి గోడకు ఆనించి సోఫా, కింద చీమకుర్తి గ్రానైటో టైల్సో, పైన స్లాబు. అందుకే 5.1 సెట్టు (ముందు మూడు, వెనక రెండు స్పీకర్లు, బేస్ కోసం ఒక సబ్‌వూఫర్ లేదా సబ్) పెట్టుకున్నవాళ్లు చెప్పే ఇబ్బందులూ దాదాపు ఒకటే. సెట్టు మార్చేద్దామని అనుకునే ముందు కింద చెప్పినవి చూడండి. చాలావాటికి డబ్బులతో పని లేదు.

"వెనకవి పలకడంలా, లేకుంటే ముందు వచ్చేదే వెనకా వస్తోంది"

అన్నిటికంటే ఎక్కువగా వినపడే ఫిర్యాదు ఇది. దీనికి కారణాలు నాలుగు చోట్ల ఉంటాయి కాబట్టి, శబ్దం వచ్చే దారి వెంటే వెతుక్కుంటూ పోవాలి.

మొదటిది, మీరు పెట్టిన దాంట్లోనే 5.1 ఉందా? కేబుల్ టీవీ ఛానళ్లు చాలావరకు స్టీరియోనే, అంటే ఎడమ, కుడి రెండు దారుల శబ్దమే. యూట్యూబ్ పాటలూ అంతే. ఓటీటీలో సినిమా ఆడియో భాషల పట్టికలో తెలుగు పక్కన 5.1 అని కనపడాలి. కొన్ని సినిమాలకు ఒరిజినల్ భాషలో 5.1 ఇచ్చి, తెలుగు డబ్బింగ్‌కు స్టీరియోతో సరిపెడతారు. ఒక్కో స్పీకరు పేరు చెప్పి అందులోనే శబ్దం వినిపించే 5.1 టెస్ట్ ఫైలును పెన్‌డ్రైవ్‌లో ఉంచుకుంటే మిగతా పరీక్షలన్నీ సులువవుతాయి.

రెండోది టీవీ సెట్టింగు. డిజిటల్ ఆడియో అవుట్‌పుట్ దగ్గర పీసీఎం అని ఉంటే, ఆర్క్‌లో (హెచ్‌డీఎంఐ వైరులోనే టీవీ శబ్దం సెట్టుకు వెళ్లే దారి) గానీ ఆప్టికల్‌లో (శబ్దాన్ని కాంతిగా పంపే వైరు) గానీ టీవీ రెండు ఛానళ్లే బయటికి పంపుతుంది. దాన్ని డాల్బీ డిజిటల్ లేదా బిట్‌స్ట్రీమ్ లేదా పాస్‌త్రూకి మార్చండి. సగం ఇళ్లలో కథ ఇక్కడితో ముగుస్తుందని నా నమ్మకం.

మూడోది వైరు. హెచ్‌డీఎంఐ వైరును ఆర్క్ అని రాసిన పోర్టుకే పెట్టాలి, పక్కదానికి పెడితే శబ్దం రాదు. టీవీ మెనూలో సీఈసీ (హెచ్‌డీఎంఐతో కలిపిన పరికరాలు ఒకదాన్నొకటి నడిపే సదుపాయం) కూడా ఆన్‌లో ఉండాలి. శామ్‌సంగ్‌లో దాన్ని ఎనీనెట్ ప్లస్ అంటారు, ఎల్‌జీలో సింప్లింక్, సోనీలో బ్రావియా సింక్. ఆర్క్ లేని పాత టీవీ అయితే ఆప్టికల్ వాడండి. మామూలు 5.1కి అది చాలు. ఓటీటీలో వచ్చే అట్మాస్ (పైనుంచి కూడా శబ్దం వినిపించే డాల్బీ పద్ధతి) మాత్రం దాంట్లో రాదు.

నాలుగోది చెప్పడానికి బాధగా ఉంది, ఎందుకంటే తక్కువ డబ్బుతో కొనుక్కునేవాళ్లకే ఇది తగులుతుంది. అట్టపెట్టె మీద 5.1 అని ఉంటుంది. సెట్టు వెనక చూస్తే ఎరుపు, తెలుపు ఆక్స్ సాకెట్లు రెండు, బ్లూటూత్, యూఎస్‌బీ, అంతే. అందులో డాల్బీ శబ్దాన్ని విడి ఛానళ్లుగా విడదీసే డీకోడర్ లేదు. రెండు ఛానళ్ల శబ్దాన్నే ఐదు స్పీకర్లకూ పంచుతుంది. ఇలాంటి సెట్టు వెనక ఫ్రంట్, సరౌండ్, సెంటర్, సబ్ అని ఆరు ఆర్‌సీఏ సాకెట్లు గనక ఉంటే బాగుపడే దారి ఉంది. ఆప్టికల్ తీసుకుని ఆరు విడి ఛానళ్లు ఇచ్చే డీకోడర్ పెట్టె విడిగా దొరుకుతుంది. ఆన్‌లైన్‌లో ఉంది, చెన్నై పనిమీద వెళ్లినప్పుడు అక్కడి ఎలక్ట్రానిక్స్ బజారు రిచీ స్ట్రీట్‌లోనూ అడగొచ్చు. ఆరు సాకెట్లు లేకుంటే మాత్రం దాని మీద ఇంకో రూపాయి పెట్టొద్దు. కొత్తగా కొనేవాళ్లు షాపులో సెట్టును తిప్పి వెనకవైపు చూశాకే బేరం మాట్లాడండి.

"పాటలు దద్దరిల్లుతున్నాయి, మాటలు అర్థం కావడంలా"

సినిమాలో మాటలన్నీ దాదాపు సెంటర్ స్పీకర్‌లోనే వస్తాయి. మనమేమో దాన్ని టీవీ యూనిట్ అరలో లోపలికంటా నెట్టి, ముందు ఫొటో ఫ్రేములు పెడతాం. దాన్ని అర అంచుదాకా లాగి, మూతి కాస్త పైకెత్తి సోఫాలో కూర్చున్నవాళ్ల చెవుల వైపు తిప్పండి. మెనూలో సెంటర్ లెవెల్ 2, 3 డెసిబెల్స్ పెంచండి. రాత్రిపూట అయితే నైట్ మోడ్ పెట్టండి, పెద్ద చప్పుళ్లు తగ్గి చిన్న మాటలు తేలతాయి. సెంటర్ స్పీకరే లేకపోతే, మెనూలో సెంటర్ లేదని తప్పకుండా చెప్పాలి. అప్పుడు ఆ మాటలు ముందున్న రెండింటికీ వెళతాయి.

ఇంత చేసినా మాట గింగురుమంటుంటే తప్పు గదిది. సోఫా దగ్గర నిలబడి గట్టిగా ఒక చప్పట్టు కొట్టండి. చప్పట్టు వెనకే గణగణమని తోక వినపడితే, గ్రానైటూ, గోడలూ, స్లాబూ శబ్దాన్ని ఒకదాని మీదికి ఒకటి విసురుకుంటున్నట్టు. సోఫాకీ టీవీకీ మధ్య మందపాటి జంపఖానా పరచండి. కిటికీలకు పల్చటివి తీసి బరువైన కర్టెన్లు వేలాడదీయండి. వెనక గోడకు పుస్తకాల అర ఉంటే మరీ మంచిది. స్పీకర్లు మార్చడం కన్నా దీనివల్ల వచ్చే తేడా పెద్దది, ఇది నేను గట్టిగా చెప్పగలను.

"కనపడకూడదని సోఫా వెనక పెట్టాం, ఏమీ తెలియడంలా"

ఇంట్లో ఆడవాళ్లు హాలు అందం చెడకూడదంటారు, అది న్యాయమే. అయితే దాచాల్సింది వైర్లను. స్పీకరుకూ చెవికీ మధ్య సోఫా దూది అడ్డం వస్తే పైస్థాయి శబ్దాలన్నీ అందులోనే ఇంకిపోతాయి.

5.1లో వెనకవాటి స్థానం నిజానికి పూర్తిగా వెనక కాదు. టీవీని సూటిగా చూస్తూ కూర్చుంటే, మధ్య గీత నుంచి 110 నుంచి 120 డిగ్రీల దగ్గర, అంటే భుజాలకు కాస్త వెనగ్గా పక్కన ఉండాలి. ఎత్తు చెవులకు ఒకటి రెండు అడుగుల పైన. సోఫా గోడకు ఆని ఉన్నా పక్క గోడలకు చిన్న స్పీకర్లు బిగిస్తే సరిపోతుంది. వీలైతే సోఫాను ఒక అడుగు ముందుకు జరపండి. తెల్ల గోడకు తెల్ల స్పీకరు పెడితే వారం తిరిగేసరికి ఎవరి కంటా పడదు.

వైరుకు 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగిది చాలు. స్కర్టింగ్ పైన సన్నటి పీవీసీ కేసింగ్ వేసి, గోడ రంగే కొట్టించండి. కరెంటు వైర్లు పోయే పైపులో స్పీకర్ వైరు మాత్రం లాగించొద్దు. ఇల్లు కట్టుకుంటున్నవాళ్లు ప్లాస్టరింగ్‌కు ముందే టీవీ గోడ నుంచి రెండు పక్కలకూ ఖాళీ పైపులు వేయించుకుంటే ఈ తిప్పలే ఉండవు. వైర్‌లెస్ స్పీకర్లయితే వైరే ఉండదని అనుకోకండి, వాటికీ దగ్గర్లో ప్లగ్ పాయింటు కావాలి.

బిగించాక ఒక్కో స్పీకరు మీకు ఎన్ని అడుగుల దూరంలో ఉందో కొలిచి మెనూలో ఇవ్వండి. దగ్గరి స్పీకర్ శబ్దాన్ని సెట్టు కాస్త ఆపి వదులుతుంది, అన్నీ ఒక్కసారి చెవికి చేరతాయి.

"పెదవులు ముందు, మాట వెనక"

టీవీకీ సెట్టుకీ బ్లూటూత్ కలిపి ఉంటారు. వైరు వేయండి.

"సబ్‌వూఫర్ ఒకటే గుయ్ మంటోంది"

ఇందులో రెండు రకాలు. బీట్ వచ్చినప్పుడే గుయ్ మంటే అది గది పని. 16 అడుగుల పొడవున్న గది 35 హెర్ట్జ్ చుట్టుపక్కల, 12 అడుగుల వెడల్పు 47 దగ్గర తనంతట తానే మోగుతుంది. మూలలో పెడితే ఇంకా ఎక్కువ. సబ్‌ను తీసి సోఫాలో మీరు కూర్చునే చోట పెట్టి పాట వేయండి. మీరు టీవీ గోడ వెంబడి కిందికి వంగి వింటూ నడవండి. బేస్ ఎక్కడ బిగువుగా, తేటగా వినపడితే సబ్ స్థానం అదే. క్రాస్‌ఓవర్ (ఏ హద్దు కిందున్న శబ్దం సబ్‌కు వెళ్లాలో చెప్పే సెట్టింగు) 80 హెర్ట్జ్ దగ్గర ఉంచండి.

పాట లేకపోయినా గుయ్ మంటుంటే కరెంటు సంగతి. కేబుల్ టీవీ వైరును సెట్‌టాప్ బాక్స్ నుంచి ఊడదీసి చూడండి. హోరు ఆగితే ఎర్త్ లూప్ (ఎర్త్ రెండు దారుల్లో కలిసి వలయంగా మారడం) ఆ వైరు ద్వారా వస్తోంది. టీవీ నుంచి సెట్టుకు ఆప్టికల్ కలిపితే పోతుంది, అందులో కరెంటు పారే లోహం లేదు కాబట్టి. ఎర్త్ పిన్ను విరిచేయమని ఎవరైనా సలహా ఇస్తే వినొద్దు, ప్రాణాలకే ముప్పు. కరెంటు పోయినప్పుడు మాత్రమే వస్తుంటే మీది స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ అయివుంటుంది, సైన్ వేవ్ దానికి మారితే తగ్గుతుంది.

"ఉండుండి చిటపటలాడుతోంది"

మైపాడు, కొత్తపట్నం వైపు ఉప్పుగాలికి వైరు కొనల్లో రాగి పచ్చగా పూస్తుంది. అర అంగుళం కత్తిరించి, కొత్తగా ఒలిచి, పురి తిప్పి బిగించండి. ఎరుపు ఎరుపుకే, నలుపు నలుపుకే రావాలి. ఒక్క స్పీకరుకు ఈ వైర్లు తారుమారైనా బేస్ పల్చబడుతుంది.

పక్కలకు స్పీకర్లు పెట్టే వీలే లేదా? ఒక పక్క తలుపు, ఇంకో పక్క మేడమెట్లు ఉన్న హాళ్లు మన దగ్గర చాలా ఉన్నాయి. అలాంటిచోట బలవంతాన ఐదు ఇరికించే బదులు, అదే డబ్బుతో ముందు మూడు మంచి స్పీకర్లు, ఒక సబ్ పెట్టుకోండి. బాలు గారి పాత పాటలు వినాలన్నా అదే నయం. అవి స్టీరియోకో మోనోకో చేసినవి, సరౌండ్ మోడ్‌లో గొంతు డొల్లగా వినపడుతుంది. పాటలప్పుడు రిమోట్‌లో స్టీరియోకి మార్చండి.