హాస్పిటల్‌లో పానిక్ బటన్లు పెడుతున్నారా, ముందు సిగ్నల్ సంగతి చూడండి
ఆపదలో నొక్కితే సెక్యూరిటీకి కబురు వెళ్లే ఈ వైర్‌లెస్ బటన్లు నైట్ డ్యూటీ సిస్టర్లకి ఇచ్చే ముందు బిల్డింగ్ మొత్తం నడిచి టెస్ట్ చేయాల్సిందే, ప్లాన్ చూసి రిసీవర్లు (బటన్ సిగ్నల్ అందుకునే పరికరాలు) బిగించేస్తే కుదరదు. ఎక్స్‌రే రూమ్ గోడల్లో సీసం ఉంటే సిగ్నల్ దాదాపు ఆగిపోతుంది, లోపలే ఒక రిసీవర్ పెట్టించండి. లిఫ్ట్, మెట్లు, బేస్‌మెంట్, బాత్రూమ్‌లు అస్సలు వదలొద్దు, మనిషి ఒంటరిగా ఉండేది అక్కడే కదా.

టెస్ట్‌లో బటన్ పైకెత్తి పట్టుకోకండి, మెడలో వేసుకుని తలుపులు మూసి రిసీవర్‌కి వీపు పెట్టి నొక్కండి, ఎందుకంటే మన ఒళ్లే 2.4 గిగాహెర్ట్జ్ (వైఫై, బ్లూటూత్ వాడే ఫ్రీక్వెన్సీ) సిగ్నల్‌ని బాగా తగ్గించేస్తుంది. మన దేశంలో లైసెన్స్ అక్కర్లేని 865-868 మెగాహెర్ట్జ్ ఫ్రీక్వెన్సీలో పనిచేసే బటన్ అయితే దాని సిగ్నల్ గోడలు ఇంకాస్త బాగా దాటుతుంది. ప్రతి చోటు నుంచీ కనీసం రెండు రిసీవర్లకి అందాలి, అన్నీ యూపీఎస్ మీదే ఉండాలి. బటన్ నొక్కిన ఫ్లోర్‌ని సిస్టమ్ కరెక్ట్‌గా చూపిస్తోందా అన్నది కూడా చూడండి, పై ఫ్లోర్ రిసీవర్ పట్టేస్తే సెక్యూరిటీ వాళ్లు పైకి పరిగెడతారు.