ఎక్స్‌టర్నల్స్ ముందు ఏ సబ్జెక్టుకు ఎంత టైమ్? ఎస్‌జీపీఏ లెక్కలో వచ్చే సమస్యలు - పరిష్కారాలు

సెమిస్టర్ పరీక్షలు పది రోజులున్నాయనగా మా పిన్ని కూతురు నోట్సు పట్టుకుని వచ్చింది. బీటెక్ రెండో ఏడాది మొదటి సెమ్, హైదరాబాద్ జేఎన్‌టీయూ ఆర్22 రెగ్యులేషన్ (తన బ్యాచ్‌కి వర్తించే సిలబస్, మార్కుల నిబంధనలు). "అక్కా, రోజుకు ఎనిమిది గంటలు చదువుతున్నా. పోయిన సెమ్‌లోనూ ఇలాగే చదివా, ఎస్‌జీపీఏ మాత్రం కదల్లేదు" అంది. ఎస్‌జీపీఏ అంటే ఆ సెమిస్టర్ సబ్జెక్టులన్నిటికీ కలిపి వచ్చే గ్రేడ్ల సగటు. తను చదవడం బాగానే చదువుతోంది, గంటలు పంచుకున్న తీరే దెబ్బ కొట్టింది. అలాంటి ఇబ్బందిలో ఉన్నవాళ్ల కోసం ఇది రాస్తున్నా.

సమస్య: ఎంత చదివినా ఎస్‌జీపీఏ పెరగడం లేదు

కారణం: మార్కులు నేరుగా ఎస్‌జీపీఏలోకి వెళ్లవు, ముందు గ్రేడ్ పాయింట్లవుతాయి. 90, ఆపైన వస్తే 10 పాయింట్లు. 80ల్లో 9, 70ల్లో 8, 60ల్లో 7, 50ల్లో 6, 40ల్లో 5. అంటే 71 తెచ్చుకున్నా 79 తెచ్చుకున్నా అవే 8 పాయింట్లు. వాటిని సబ్జెక్టు క్రెడిట్లతో (ఆ సబ్జెక్టుకిచ్చిన బరువుతో) గుణించి, అన్నీ కూడి, మొత్తం క్రెడిట్లతో భాగిస్తారు. మా చెల్లి సెమ్‌లో మొత్తం 20 క్రెడిట్లు. నాలుగు క్రెడిట్ల స్టాటిస్టిక్స్‌లో ఒక్క గ్రేడ్ ఎక్కితే ఎస్‌జీపీఏ 0.2 పెరుగుతుంది. మూడు క్రెడిట్ల సబ్జెక్టులో 0.15. ఒకటిన్నర క్రెడిట్ల ల్యాబ్‌లో 0.075 మాత్రమే.

పరిష్కారం: ఒక తెల్లకాగితం తీసుకోండి. ప్రతి సబ్జెక్టుకూ క్రెడిట్లు, 40కి వచ్చిన ఇంటర్నల్ మార్కులు (సెమిస్టర్ మధ్యలో కాలేజీలో వచ్చేవి), ఇప్పటికిప్పుడు సెమిస్టర్ చివరి పరీక్ష, అంటే ఎక్స్‌టర్నల్ రాస్తే 60కి ఎన్ని వస్తాయో రాయండి. పక్కనే, పై గ్రేడ్‌కి ఇంకా ఎన్ని కావాలో రాయండి. మా చెల్లి కాగితం ఇలా వచ్చింది.

స్టాటిస్టిక్స్ ఇంటర్నల్ 32, ఎక్స్‌టర్నల్ అంచనా 34. మొత్తం 66, పై గ్రేడ్‌కి 4 తక్కువ.
కంప్యూటర్ ఆర్గనైజేషన్ 22, అంచనా 26. మొత్తం 48, పై గ్రేడ్‌కి 2 తక్కువ.
డేటా స్ట్రక్చర్స్ 36, అంచనా 46. మొత్తం 82, పై గ్రేడ్‌కి 8 తక్కువ.
డిజిటల్ ఎలక్ట్రానిక్స్ 29, అంచనా 33. మొత్తం 62, ఇక్కడా 8 తక్కువ.

తను రోజులో సగం డేటా స్ట్రక్చర్స్‌కే ఇస్తోంది, ఇష్టమైన సబ్జెక్టు కాబట్టి. అక్కడ 60కి 54 తెచ్చుకుంటే గానీ గ్రేడ్ మారదు, మారినా పెరిగేది 0.15. అదే స్టాటిస్టిక్స్‌లో నాలుగు, ఆర్గనైజేషన్‌లో రెండు, మొత్తం ఆరు మార్కులు తెస్తే 0.35 పెరుగుతుంది. ఈ రెండు అంకెలు చూశాక తను కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత టైమ్‌టేబుల్ చించేసి కొత్తది రాసుకుంది.

నాలుగు మార్కులంటే పార్ట్-బిలోని ఒక పెద్ద ప్రశ్నలో సగం కూడా కాదు. ఒక్క యూనిట్ గట్టిగా చూసుకుంటే సరిపోతుంది. దిద్దేవాళ్లు మీరనుకున్నన్ని వేయకపోవచ్చు కాబట్టి నాలుగు కావాలంటే ఏడెనిమిదికి చదవండి.

సమస్య: అంచనా ఎప్పుడూ తప్పుతోంది

కారణం: "ఆ యూనిట్ వచ్చులే" అనుకుని మనసులోనే మార్కులు వేసుకుంటాం. పరిష్కారం ఒక్కటే. పాత ప్రశ్నపత్రం పెట్టుకుని, ఫోన్ పక్క గదిలో పెట్టి, మూడు గంటలూ కూర్చుని రాయండి. క్లాస్‌మేట్‌తో దిద్దించండి. పదో తరగతిలో గైడ్ చూసి చదివినట్టు జవాబు చూస్తూ "ఇది నాకు తెలుసు" అంటే లెక్కలోకి రాదు.

సమస్య: నేను వేసిన లెక్క 8.25, మెమోలో 7.75

కారణం: అన్ని గ్రేడ్ పాయింట్లూ కూడి సబ్జెక్టుల సంఖ్యతో భాగించారు. మా చెల్లి అంచనా పాయింట్లు థియరీలో (పై నాలుగూ, ఇంకొకటీ) 7, 9, 5, 7, 8, మూడు ల్యాబుల్లో పదేసి. కూడితే 66, ఎనిమిదితో భాగిస్తే 8.25. కానీ ల్యాబులన్నీ కలిపినా నాలుగు క్రెడిట్లే. క్రెడిట్లతో గుణించి కూడితే 155, 20తో భాగిస్తే 7.75. సున్నా క్రెడిట్ల తప్పనిసరి కోర్సులు ఈ లెక్కలోకి రావు. అయినా వాటిని వదిలేయకండి, పాస్ కావాల్సిందే.

సమస్య: మొత్తం 49 వచ్చినా ఫెయిల్

ఇది చూసి ఇంట్లో అందరికీ టెన్షన్. కారణం: ఇంటర్నల్ 30, ఎక్స్‌టర్నల్ 19. మొత్తంలో 40 దాటితే చాలదు, ఎక్స్‌టర్నల్‌లో విడిగా 60కి 21, ఇంటర్నల్‌లో 40కి 14 ఉండాలి. పరిష్కారం: మీ కాగితంలో ఎక్స్‌టర్నల్ అంచనా 25 లోపు ఉన్న సబ్జెక్టు ఏదైనా ఉంటే, గ్రేడ్ల సంగతి పక్కన పెట్టి ముందు దాన్ని ఒడ్డున పడేయండి. ఒక్క బ్యాక్‌లాగ్ (ఫెయిలై మళ్లీ రాయాల్సిన సబ్జెక్టు) వచ్చే సెమ్‌లో ఎన్ని రోజులు తినేస్తుందో పడ్డవాళ్లకే తెలుసు.

సమస్య: రెండో మిడ్ పోయింది, ఇంక ఆ సబ్జెక్టు వదిలేద్దామనిపిస్తోంది

కారణం: రెండు మిడ్‌ల (సెమిస్టర్ మధ్యలో పెట్టే ఇంటర్నల్ పరీక్షల) సగటే తీస్తారనుకోవడం. అన్నిచోట్లా అలా ఉండదు. కాకినాడ జేఎన్‌టీయూ ఆర్20లో ఇంటర్నల్ 30, ఎక్స్‌టర్నల్ 70. బాగా రాసిన మిడ్‌కి 80 శాతం, తక్కువ వచ్చిన దానికి 20 శాతం వెయిటేజీ. 26, 14 వచ్చాయనుకోండి. సగటు తీస్తే 20. అసలు లెక్కలో 20.8, 2.8 కలిపి 23.6. ఆ సబ్జెక్టు వదలాలో వద్దో మీ రెగ్యులేషన్ పుస్తకంలో ఈ ఒక్క పేజీ చదివాక తేల్చుకోండి.