వియన్నా బైజెల్‌లో (సంప్రదాయ చిన్న భోజనశాలలో) భోజనానికి వెళ్లే ముందు

• టేబుల్ ముందే బుక్ చేసుకోండి. ‘రూహెటాగ్’ అని ఉంటే ఆ రోజు సెలవు.

• ‘వీనర్ ష్నిట్జెల్’ అంటే బ్రెడ్ పొడి అద్ది వేయించిన దూడమాంసం. పందిమాంసమైతే మెనూలో ‘ఫోమ్ ష్వైన్’ లాంటి మాట ఉంటుంది.

• శాకాహారులూ, బంగాళాదుంప సలాడ్‌తో మరీ జాగ్రత్త! పసుప్పచ్చగా నిగనిగలాడే ఆ ముక్కల మీద చాలాచోట్ల వేడివేడి గొడ్డుమాంసం రసం పోస్తారు. క్నోడెల్ ఉండల్లోనూ పందిమాంసం ముక్కలుండొచ్చు. “మాంసం ఉందా?” అంటే సరిపోదు, “మాంసం రసం కూడా లేదుగా?” అని అడగండి.

• అలర్జీ ఉందా? వంటకం పక్కన అక్షరాలు చూడండి: ‘ఎ’ గ్లూటెన్, ‘సి’ గుడ్డు, ‘జి’ పాలు.

• పిల్లలకు కైసర్‌ష్మారన్ (ముక్కలుగా చేసిన తీపి పాన్‌కేక్) చెబుతుంటే ఎండుద్రాక్షను రమ్ములో నానబెట్టారేమో కనుక్కోండి.

• నగదు ఉంచుకోండి. టిప్పు 5–10 శాతం. బిల్లు కట్టేటప్పుడే కలిపి చెప్పాలి.