షూటింగ్ మ్యాచ్‌కు మనసును ఎలా సిద్ధం చేసుకోవాలి? ముందు గన్ దించడం నేర్చుకోండి

నల్గొండ, పాలమూరు వైపు నుంచి షూటింగ్‌కు వచ్చే పిల్లల్లో కొందరు ఎన్‌సీసీలో రైఫిల్ పట్టుకుని రుచి మరిగినవాళ్లు. ఇంకొందరు, హైదరాబాద్‌లో పెరిగిన గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో కంచు పతకం తెచ్చాడని గుర్తుపెట్టుకున్న తండ్రులు పంపినవాళ్లు. ప్రాక్టీసులో అందరూ బాగానే కొడతారు. మ్యాచ్‌లో ఒక షాట్‌కు పది పాయింట్ల బదులు ఎనిమిది పడగానే మొహం వాడిపోతుంది, ఆ వెంటనే ఇంకో ఎనిమిది. అప్పుడు వెనకాల నిలబడ్డవాళ్లంతా ఇచ్చే సలహా ఒకటే: "టెన్షన్ పడకు". పడొద్దంటే ఆగే టెన్షన్ నేనైతే ఇంతవరకు చూడలేదు.

ఇక్కడ చెప్పేది 10 మీటర్ల ఎయిర్ రైఫిల్, ఎయిర్ పిస్టల్ గురించి. మిగతా ఈవెంట్లకూ చాలావరకు పనికొస్తుంది.

కావలసినవి

ఒక నోట్‌బుక్, పెన్ను, టైమర్, ఇంట్లో ఒక ఖాళీ తెల్ల గోడ. నోట్‌బుక్ కాగితందే ఉండాలి. ఫోన్‌లో రాసుకుంటామంటే కుదరదు. రాద్దామని తీసినవాళ్లు వాట్సాప్‌లో తేలతారు.

1. షాట్ వరుస రాసుకోండి

పెల్లెట్ (ఎయిర్ గన్‌లో పెట్టే చిన్న గుండు) పెట్టాక పాదాలు సర్దుకోవడం నుంచి షాట్ తర్వాత గన్ దించడం వరకు మీరు చేసే పనులన్నీ వరుసగా, ఏడెనిమిది లైన్లలో, ఇంట్లో మాట్లాడే భాషలో రాయండి. పాదాలు, పట్టు, ఊపిరి, ఎత్తడం, గురి, ట్రిగ్గర్, షాట్ తర్వాత కాసేపు అలాగే ఆగడం. ఇంతే. "నేను గెలుస్తాను" లాంటి లైన్లు అందులో ఉండకూడదు. అది చేసే పని కాదు.

వరుస ఎందుకంటే ఒక ఉదాహరణ చాలు. 2004 ఏథెన్స్ ఒలింపిక్స్‌లో 50 మీటర్ల రైఫిల్ త్రీ పొజిషన్ (మూడు భంగిమల్లో కొట్టే ఈవెంట్) ఫైనల్. అమెరికా షూటర్ మాథ్యూ ఎమన్స్ చివరి షాట్‌కు ముందు మంచి ఆధిక్యంలో ఉన్నాడు, ఓ మాదిరి షాట్ కొట్టినా బంగారం వచ్చేది. కానీ తన టార్గెట్ వదిలేసి పక్క లేన్‌లోని షూటర్ టార్గెట్ మీద కొట్టాడు. సున్నా పడింది, ఎనిమిదో స్థానానికి జారిపోయాడు. మామూలుగా అతను ముందు టార్గెట్ పైనున్న లేన్ నంబరు చూసి, ఆ తర్వాతే గురి కిందికి తెచ్చేవాడు. ఆ ఒక్కసారి తనను తాను శాంతపరచుకునే పనిలో పడి నంబరు చూడలేదు. ప్రశాంతంగా ఉండమని రోజూ చెప్పేవాళ్లు ఈ కథను ఒకసారి తీరిగ్గా ఆలోచించాలి. అక్కడ అతనికి కావలసింది ప్రశాంతత కాదు, నంబరు చూడటం.

2. డ్రై ఫైరింగ్

రోజూ ఇరవై నిమిషాలు, తెల్ల గోడకు ఎదురుగా, పెల్లెట్ లేకుండా. పెల్లెట్ల డబ్బా వేరే గదిలో ఉండాలి, గన్ ఖాళీగా ఉందో లేదో రెండుసార్లు చూడాలి. గోడ మీద టార్గెట్ అంటించొద్దు. టార్గెట్ ఉంటే కన్ను దాని వెంట పోతుంది, ట్రిగ్గర్ మీద ధ్యాస ఉండదు. ఉదయం పూటే చేయండి. మే నెలలో మన దగ్గర పది దాటాక రైఫిల్ జాకెట్ వేసుకుని నిలబడితే నేర్చుకునేది చెమట తుడుచుకోవడమే.

3. కళ్లు మూసుకుని ఐదు షాట్లు

పడుకునే ముందు ఐదు షాట్లు, అసలు మ్యాచ్‌లో పట్టినంత టైం తీసుకుంటూ, వరుస ప్రకారం మనసులో కొట్టండి. పతకం, చప్పట్లు, ఫొటోలు ఊహించుకోవద్దు. ముగించి నిద్రపోండి.

4. గన్ దించడం

అసలు సంగతి ఇది. మానసిక శిక్షణ పేరుతో క్లాసులు పెట్టేవాళ్లు అద్దం ముందు నిలబడి అరవమంటారు, ఇయర్‌ఫోన్స్‌లో సంగీతం వినమంటారు. గన్ ఎత్తాక షాట్ సరిగా రావట్లేదని తెలిస్తే ఏం చేయాలో మాత్రం చెప్పరు. చేయాల్సింది ఒక్కటే: కొట్టకుండా దించాలి.

వినడానికి సులువుగా ఉంటుంది. చేసేవాళ్లు తక్కువ. అప్పటికే చెయ్యి ఎత్తారు, ఊపిరి ఆపారు, గురి దాదాపు కుదిరింది. మనసు "కానీలే" అంటుంది. మ్యాచ్‌లను ముంచేవి ఈ కానీలే షాట్లే. రైఫిల్ టార్గెట్ మీద పది అంటే అర మిల్లీమీటరు చుక్క, దాని మీద పడే పెల్లెటేమో నాలుగున్నర మిల్లీమీటర్లు. పిస్టల్‌కు పది వెడల్పు 11.5 మిల్లీమీటర్లు, కానీ ఒంటిచేత్తో పట్టాలి. ఏ చేతిలోనూ గన్ రాయిలా నిలవదు, కాస్త కదలిక ఎప్పుడూ ఉంటుంది. కదులుతోందని దించమనడం లేదు. వరుస తప్పితే దించమంటున్నాను.

ఎప్పుడు దించాలి? గురి కుదిరాక ఎనిమిది సెకన్లు దాటితే. ఊపిరి ఆపి అంతకన్నా ఎక్కువసేపు నిలిస్తే చూపు మసకబారుతుంది. పైగా సైట్ (గన్ మీద గురి చూసే భాగం) కాస్త పక్కకు జరిగినా, ఇందాకటి బొమ్మే కంటికి కనిపిస్తూ ఉంటుంది. అంతా బాగుందనుకుని కొడతారు, ఎనిమిది పడుతుంది. ఊపిరి తడబడినా దించాలి. స్కోరు, పక్క లేన్ వాడు, ఇంటికి వెళ్లాల్సిన బస్సు, ఏ ఆలోచన అడ్డం వచ్చినా దించాలి.

ఎలా దించాలి? ముందు వేలు ట్రిగ్గర్ గార్డ్ (ట్రిగ్గర్ చుట్టూ ఉండే చట్రం) బయటికి రావాలి. ఈ ఒక్కదాంట్లో తొందరపడొద్దు. లోపల పెల్లెట్ ఉందని మరిచిపోయి, దించుతూ దించుతూ వేలు తగిలించేవాళ్లను చూస్తూనే ఉంటాం. ఆ తర్వాత గన్ ముక్కు టార్గెట్ వైపే ఉంచి టేబుల్ మీదికో స్టాండ్ మీదికో తేవాలి. ఊపిరి వదలండి, భుజం వదులు చేయండి, చూపు టార్గెట్ నుంచి తిప్పి నేల మీద పెట్టండి. రెండు మూడు శ్వాసలు తీసుకున్నాక వరుస మొదటి లైన్ నుంచి, అంటే పాదాల నుంచి మొదలుపెట్టాలి. సగంలోంచి అందుకోవద్దు. జొన్న రొట్టె తట్టేటప్పుడు విరిగితే అతుకులు వేయరు, ముద్ద చేసి మళ్లీ తడతారు.

టైం చాలదేమో అంటారు. లెక్క వేయండి. ఎలక్ట్రానిక్ టార్గెట్ల మీద 60 షాట్లకు 75 నిమిషాలు. షాట్‌కు 50 సెకన్లు పట్టినా 50 నిమిషాల్లో అయిపోతుంది. మిగిలిన ఇరవై ఐదు నిమిషాలు దించడానికే ఉన్నాయి. అరగంట ముందే ముగించి లేచి వెళ్లేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

సాధన ఇలా. గన్ పదిసార్లు ఎత్తండి, ఐదుసార్లే కొట్టండి. గురి బ్రహ్మాండంగా కుదిరినా మిగతా ఐదూ దించాల్సిందే. తమ్ముడో చెల్లెలో ఉంటే వెనక నిలబెట్టి ఎప్పుడు పడితే అప్పుడు "దించు" అనమనండి. నోట్‌బుక్‌లో స్కోరు రాయొద్దు, ఎన్నిసార్లు దించారో, ఎందుకు దించారో రాయండి. మ్యాచ్ మొత్తం మీద ఒక్కసారీ దించకపోతే, స్కోరు ఎంతొచ్చినా దాన్ని మంచి మ్యాచ్ అనను.

ఇక్కడే ఇంకో గుంట ఉంది. దించడం అలవాటయ్యాక కొందరు, ముఖ్యంగా పిస్టల్ వాళ్లు, కొట్టడానికే జంకుతారు. అంతా కుదురుతుంది, వేలు మాత్రం కదలదు. దించుతారు, ఎత్తుతారు, మళ్లీ దించుతారు. బయటికి జాగ్రత్తలా కనిపిస్తుంది గానీ అది భయం. తేడా పట్టుకోవడానికి ఒక పద్ధతి ఉంది: దించిన వెంటనే కారణం ఒక్క మాటలో చెప్పుకోవాలి. "టైం", "ఊపిరి", "ఆలోచన". మాట దొరక్కపోతే అది భయమే. ఒకే షాట్‌కు మూడుసార్లు దించితే గన్ పక్కన పెట్టి ఒక నిమిషం కూర్చోండి, నీళ్లు తాగండి. మర్నాడు ప్రాక్టీసులో గురి సంగతి వదిలేసి, తెల్ల గోడ ముందు ట్రిగ్గర్ ఒక్కటే చూసుకోండి.

చెడ్డ షాట్ పడ్డాక చేయాల్సిందీ ఇదే. ఎక్కడ పడిందో ఒక్కసారి చూడండి, చూపు నేల మీదికి తేండి, మొదటి లైన్ నుంచి ఎత్తుకోండి. పోయిన పాయింట్లు తర్వాతి షాట్‌తో రాబట్టలేరు. రైఫిల్‌లో స్కోరు దశాంశాల్లో లెక్కిస్తారు, ఎంత బాగా కొట్టినా ఒక షాట్‌కు 10.9కి మించి రాదు.

5. మ్యాచ్ రోజు

మ్యాచ్ గచ్చిబౌలిలో ఉదయాన్నే ఉంటే ముందు రోజే వెళ్లి ఉండండి. నల్గొండ నుంచి తెల్లవారుజామున బస్సెక్కి, ఎల్‌బీ నగర్‌లో దిగి, ఊరు ఈ కొస నుంచి ఆ కొసకు పోయాక చేతిలో స్థిమితం ఏముంటుంది? రెండు గంటల ముందు ఇడ్లీ తినండి. పూరీ వద్దు. కాఫీ అసలే వద్దు.

దడ తగ్గుతుందని ఎవరైనా బీపీ మాత్ర ఇస్తే తీసుకోవద్దు. బీటా బ్లాకర్లు గుండె వేగాన్ని, చేతి వణుకును తగ్గిస్తాయి, అందుకే షూటింగ్‌లో వాటిపై నిషేధం ఉంది. మ్యాచ్ రోజే కాదు, మిగతా రోజుల్లోనూ. డాక్టర్ రాసిన మందైతే సొంతంగా మానేయకుండా, ముందే డాక్టర్‌తో మాట్లాడి మినహాయింపుకు దరఖాస్తు చేసుకోవాలి.

ఇంటోళ్లకు కూడా ఒక మాట. బయటికి రాగానే "ఎంతొచ్చింది బిడ్డా?" అని అడగొద్దు. "తిన్నవా?" అని అడగండి. స్కోరు ఎలాగూ సాయంత్రానికి తెలుస్తుంది.

6. ఫైనల్ చేరితే

2024 పారిస్ ఒలింపిక్స్ ఫైనల్స్‌లో మొదట ఐదేసి షాట్ల సిరీస్‌లు రెండు, తర్వాత ఒక్కో షాట్‌కు 50 సెకన్లు. ఆ 50 సెకన్లలో ఒకసారి దించి మళ్లీ ఎత్తడానికి టైం ఉంటుంది, రెండోసారికి ఉండదు. కాబట్టి ఇంట్లోనే 50 సెకన్ల టైమర్ పెట్టి, ఇరవయ్యో సెకను దగ్గర కావాలనే దించి, మిగతా ముప్పైలో వరుస మొత్తం పూర్తి చేయడం అలవాటు చేసుకోండి. ఆ టైంలో ఇంట్లో టీవీ సౌండు పెంచమనండి. ఫైనల్ హాల్లో అరుపులు, చప్పట్లు, మైకులో స్కోర్లు చదవడం అన్నీ ఉంటాయి.