ఇంప్లాంట్ పన్ను నొప్పి లేదని ఊరుకోకండి

ఊడిన పన్ను స్థానంలో దవడ ఎముకలో స్క్రూ బిగించి, దానిమీద పెట్టే కృత్రిమ పన్నే ఇంప్లాంట్. ఈ మధ్య ఒకాయన తన ఇంప్లాంట్‌ను కాగితంలో చుట్టి మా క్లినిక్‌కి తెచ్చారు. మెత్తటిదేదో నములుతుంటే స్క్రూతో సహా ఊడి చేతిలోకి వచ్చేసిందట. అడిగితే ఒక్కొక్కటే బయటపడింది. చాలాకాలంగా బ్రష్ చేసినప్పుడల్లా ఆ పన్ను దగ్గర రక్తం వస్తోంది, పొద్దున లేవగానే నోట్లో చెడు రుచి ఉంటోంది. మరి ముందే ఎందుకు రాలేదండీ అంటే, "నొప్పి లేదు కదా" అన్నారు.

ఇంప్లాంట్ పోగొట్టుకుని నా దగ్గరికి వచ్చినవాళ్ళు ఎక్కువగా చెప్పే మాట ఇదే. బాగా బ్రష్ చేయాలి, గట్టివి కొరకకూడదు అన్నవి అందరికీ తెలుసు. తెలియనిది ఈ నొప్పి సంగతే.

సొంత పన్నుకీ ఎముకకీ మధ్య సన్నటి పొర ఒకటి ఉంటుంది. అందులో నరాలుంటాయి. పన్ను మీద ఎక్కువ ఒత్తిడి పడినా, చుట్టూ వాచినా ముందుగా చెప్పేది అదే. ఇంప్లాంట్‌కి ఆ పొర లేదు. టైటానియం స్క్రూ నేరుగా దవడ ఎముకకు అతుక్కుని ఉంటుంది. అందుకే చుట్టూ ఎముక తగ్గిపోతున్నా మనకు తెలియదు. ఇంకో చిక్కు కూడా ఉంది. పైభాగంలో ఎముక పోయినా, అడుగున కాస్త పట్టు మిగిలి ఉన్నంతవరకు ఇంప్లాంట్ గట్టిగానే నిలబడుతుంది. కదలడం మొదలయ్యేసరికి పట్టు దాదాపు పూర్తిగా పోయి ఉంటుంది. అంటే నొప్పి కోసం చూసినా, కదలిక కోసం చూసినా ఆలస్యమే.

చూడాల్సింది రక్తం. వాపు చిగురు వరకే ఉన్నప్పుడు శుభ్రంగా క్లీనింగ్ చేయిస్తే మళ్ళీ మామూలు స్థితికి వస్తుంది. అది ఎముకదాకా దిగితే, పోయిన ఎముక దానంతట అది తిరిగి రాదు. అక్కడి నుంచి మనం చేయగలిగింది ఉన్నదాన్ని కాపాడుకోవడమే, చాలాసార్లు దానికి సర్జరీ అవసరమవుతుంది. ఆ పన్ను దగ్గర మాటిమాటికీ రక్తం కనిపించినా, చిగురు నొక్కితే చీము వచ్చినా, చిగురు కిందికి జారి లోహం కనిపించినా, నొప్పి లేకపోయినా సరే, చూపించుకోండి. సిగరెట్ తాగేవారికి చిగుళ్ళ నుంచి రక్తం తక్కువగా వస్తుంది. కాబట్టి వాళ్ళు రక్తం లేదని కూడా ధైర్యపడకూడదు.

ఇంప్లాంట్ కొత్తగా పెట్టించుకున్నవారి లెక్క వేరు. మొదటి రెండు మూడు రోజులు వాపు, నొప్పి సహజం, ఆ తర్వాత రోజురోజుకూ తగ్గాలి. తగ్గినట్టే తగ్గి మళ్ళీ పెరిగితే అది సహజం కాదు. ఎముక అతుక్కోవడానికి మామూలుగా 3 నుంచి 6 నెలలు పడుతుంది. ఆలోపు ఇంప్లాంట్ వేలికి కదిలితే అతుక్కోలేదనే అనుకోవాలి.

ఇంప్లాంట్ మీద పన్ను ఆకారంలో ఉండే తొడుగు, అంటే క్యాప్ పెట్టాక ఏదో కదులుతోందని అనిపిస్తే వెంటనే బెంబేలెత్తకండి. క్యాప్‌ను ఇంప్లాంట్‌కి పట్టి ఉంచే లోపలి చిన్న స్క్రూ వదులై ఉండొచ్చు, దాన్ని బిగిస్తే సరిపోతుంది. కానీ వదులైంది ఆ చిన్న స్క్రూనా, ఎముకలోని ఇంప్లాంటా అన్నది మీరు ఇంట్లో తేల్చలేరు.

కదిలే పన్నుతో నమలకండి. వేళ్ళతో తిప్పి చూడకండి. జిగురు పెట్టి అతికించకండి, తర్వాత బాగుచేయగలిగింది కూడా పాడవుతుంది.

ఇంట్లో మిగిలిన యాంటీబయాటిక్ వేసుకోకండి. వాపు నాలుగు రోజులు అణుగుతుంది, లోపల ఎముక తరగడం ఆగదు.

క్యాప్ పెట్టిన రోజు తీసిన ఎక్స్‌రే కాపీ అడిగి దాచుకోండి. ఎముక ఎంత తగ్గిందో తెలియాలంటే పోల్చడానికి అదే ఆధారం. ఇంప్లాంట్ కంపెనీ పేరు, సైజు రాసిన కార్డు కూడా తీసుకోండి.

నొప్పి లేకపోయినా డాక్టర్ చెప్పిన గడువుకు చెకప్‌కి వెళ్ళండి. ఇంతకుముందు చిగుళ్ళ జబ్బుతో పళ్ళు ఊడినవారు ఒక్క చెకప్ కూడా మానకండి.

షుగర్ అదుపులో పెట్టుకోండి.

సిగరెట్ మానేయండి.

నిద్రలో పళ్ళు కొరికే అలవాటుంటే చెప్పండి, పళ్ళకు తొడుక్కునే నైట్ గార్డ్ వాడండి.

ఎముకలు గుల్లబారకుండా మాత్రలో ఇంజెక్షన్లో వాడుతుంటే ఏ సర్జరీకైనా ముందే చెప్పండి. మీ అంతట మీరు ఆపేయకండి.

ఇంప్లాంట్ పెట్టించుకున్న రోజు మత్తు దిగాల్సిన సమయం దాటినా కింది పెదవి, గడ్డం మొద్దుబారి ఉంటే తెల్లారేదాకా ఆగకండి, ఆ రోజే ఫోన్ చేయండి. నరం నొక్కుకుపోయి ఉంటే ఆలస్యమయ్యేకొద్దీ తిరిగి స్పర్శ వచ్చే అవకాశం తగ్గుతుంది.

పై దవడలో ఇంప్లాంట్ ఉండి, తాగిన నీళ్ళు ముక్కులోంచి వస్తే వెంటనే చెప్పండి.

జ్వరంతో పాటు దవడ కింద, నాలుక కింద వాపు పెరిగి, నోరు తెరవలేకపోతున్నా, మింగలేకపోతున్నా, ఊపిరి ఆడకపోయినా క్లినిక్ ఎప్పుడు తెరుస్తారా అని చూడకండి. నేరుగా ఆసుపత్రి ఎమర్జెన్సీకి వెళ్ళండి.