రోజు మన చేతిలో – నాలుగో పాఠం: పనికి ముందూ, వెనకా

ఈసారి ఫోన్ సంగతి మాట్లాడుకుందామని పోయిన పాఠం చివర అన్నాను. దాన్ని వచ్చే పాఠానికి జరుపుతున్నాను. మూడో పాఠం అభ్యాసం చేసి మీరు పంపిన పేజీలు చూశాక, ఈ ఒక్క సంగతి తేల్చకుండా ముందుకు వెళ్తే మిగతా పాఠాలు చదివినా ఉపయోగం ఉండదనిపించింది.

నేను అడిగింది ఇంతే. రేపటి పనులు ఈ రాత్రి రాసుకోండి, ఒక్కోదాని పక్కన ఎంతసేపు పడుతుందో వేయండి, రోజు గడిచాక ఏవి అయ్యాయో చూసుకోండి. శ్రీకాకుళం నుంచి వచ్చినవైనా, విజయనగరం నుంచి వచ్చినవైనా పేజీలన్నీ దాదాపు ఒకేలా ఉన్నాయి. పొద్దున్న పదింటి దాకా వరసగా టిక్కులు. అక్కడి నుంచి బాణాలు, రేపటికి ఒకటి, ఎల్లుండికి ఒకటి. పేజీ అడుగున ఒక వాక్యం: "నాకు క్రమశిక్షణ లేదు మేడమ్", "నాది బద్ధకం అండీ", "నా వల్ల కాదేమో".

ఆ వాక్యాన్ని ఇప్పుడే పెన్ను తీసి కొట్టేయండి. అంత పొద్దున్నే లేచి, అన్ని పనులు చేసి, రాత్రి కూర్చుని నిజాయితీగా బాణాలు వేసినవాళ్లకి బద్ధకం ఎక్కడుంది? తప్పిందల్లా లెక్క. అందరూ పని ఒక్కదాన్నే లెక్కేశారు. ఆ పనికి ముందు ఉండేదీ, తర్వాత ఉండేదీ ఎవరి పేజీలోనూ లేవు. ఇంత తెలివైనవాళ్లు కూడా ఇక్కడే పడిపోవడం చూస్తే నాకు కష్టంగా ఉంటుంది. అందుకే ఈ పాఠం మొత్తం దీని మీదే.

ఆమదాలవలసలో టైలరింగ్ చేసే ఒకావిడ పేజీ తీసుకుందాం. "నాలుగు జాకెట్లు, 4 గంటలు" అని రాశారు. మధ్యాహ్నం భోజనం వేళకి అయిపోవాలి. రాత్రికి రెండే అయ్యాయి, రెండోదానికి హుక్కులు మిగిలాయి. ఫోన్ చేసి ఒక్క జాకెట్టు మొదటి నుంచీ చెప్పమన్నాను. "మిషన్ మీద కూర్చుంటే గంటలో లేపేస్తానండి" అన్నారు. అందులో అబద్ధం లేదు. మరి మిషన్ మీద కూర్చునే ముందు? లైనింగ్ బట్ట తడిపి ఆరేయాలి. అలా చేయకపోతే మొదటి ఉతుక్కే లోపలి బట్ట కుంచించుకుపోయి పైబట్ట ముడతలు పడుతుంది. ఆరాక ఇస్త్రీ చేయాలి. ఆది జాకెట్టు పక్కన పెట్టుకుని గుర్తులు వేసి కత్తిరించాలి. ఆ రంగు దారం ఇంట్లో లేకపోతే బజారుకి పరిగెత్తాలి. బాబిన్‌లో పాత రంగు తీసేసి కొత్తది చుట్టాలి. మిషన్ మీద నుంచి దిగాక చేతిపని ఉంటుంది: హెమ్మింగ్, హుక్కులు, కాజాలు. వేలాడే దారాలు కత్తిరించి, మళ్లీ ఇస్త్రీ చేసి, మడతపెట్టి, పేరు రాసిన చీటీ గుచ్చి కవర్లో పెట్టాలి. మధ్యలో ఎవరో ఒకరు కొత్త బట్ట పట్టుకొచ్చి కొలతలు తీయమంటారు.

అన్నీ చెప్పాక ఆవిడ అడిగారు: "ఇవి కూడా పనిలోకే వస్తాయా అండీ?"

ఎందుకు రావు? మిషన్ చప్పుడు వినబడిన గంటే పని అనుకుంటే మిగతా రోజంతా ఎటు పోయిందో తెలియదు. పని మీకు ఎంత బాగా వస్తే ఈ ముందు వెనకలు అంతగా కనబడకుండా పోతాయి, ఎందుకంటే చేతులు వాటంతట అవే చేసుకుపోతుంటాయి. ఆవిడతో కలిసి పేజీ మార్చాం. రేపటి లైనింగులన్నీ ఈ రాత్రే తడిపి ఆరేయడం. పొద్దున్న ఒకే విడతలో అన్నీ కత్తిరించడం. ఒకే రంగు దారం పట్టేవి పక్కపక్కన కుట్టడం, బాబిన్ మాటిమాటికీ మార్చకుండా. హుక్కులు, కాజాలు సాయంత్రం టీవీ ముందు. ఇప్పుడు రోజుకి మూడు అని మాట ఇస్తున్నారు, మూడూ ఇస్తున్నారు. నాలుగు చెప్పి రెండు ఇచ్చిన రోజుల్లో వచ్చిన మాటలు ఇప్పుడు రావడం లేదు.

ఈ తప్పు మన ఒక్కరిదే కాదు. 1979లో డేనియల్ కానెమన్, ఏమోస్ ట్వెర్‌స్కీ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు దీని గురించి రాశారు: మనిషి తన పనికి అంచనా వేసేటప్పుడు అంతా సవ్యంగా జరిగే దారినే ఊహించుకుంటాడు, ఇంతకుముందు అలాంటి పనులకి ఎంత పట్టిందో చూడడు. 1994లో రోజర్ బ్యూలర్, డేల్ గ్రిఫిన్, మైకేల్ రాస్ కెనడాలో పరిశోధన వ్యాసం రాస్తున్న డిగ్రీ విద్యార్థులని ఎన్ని రోజుల్లో పూర్తి చేస్తారని అడిగారు. సగటున 33.9 రోజులన్నారు. అన్నీ ఎదురుతిరిగితే ఎంత పడుతుందని అడిగితే 48.6 రోజులన్నారు. నిజంగా పట్టింది 55.5 రోజులు. అన్నీ ఎదురుతిరుగుతాయని వేసిన లెక్క కూడా చాల్లేదని గమనించండి. కాబట్టి "కొంచెం ఎక్కువే వేసుకున్నానండి" అన్న జవాబు నాకు చెప్పకండి.

దీనికి మందు కూడా ఆ ముగ్గురి దగ్గరే దొరికింది. ఇలాంటి పని పోయినసారి ఎలా జరిగిందో గుర్తు చేసుకుని, దాన్ని ఈసారి పనికి ముడిపెట్టి అంచనా వేయమంటే లెక్క నిజానికి దగ్గరికొచ్చింది. తర్వాత 2004లో జస్టిన్ క్రూగర్, మాట్ ఎవన్స్ ఇంకో సంగతి చూపించారు. పనిని ముక్కలుగా విడదీసి రాసుకున్నవాళ్లు ఎక్కువ సమయం వేసుకున్నారు, అది నిజానికి దగ్గరగా ఉంది. జాకెట్టు విషయంలో మనం చేసింది అదే.

ఇక మీ పేజీల్లోకి వద్దాం. విజయనగరం నుంచి విశాఖకి రోజూ రైల్లో వెళ్లే ఒక ఉద్యోగి "రైలు 1 గంట, డిపార్ట్‌మెంట్ పరీక్షకి చదువు" అని రాశారు. ఎక్కేటప్పుడు నిలబడే వెళ్తారు. సీటు దొరికే రోజున కూడా పెందుర్తి దాటాకే దొరుకుతుంది. ఇల్లు వదిలింది మొదలు ఆఫీసులో కుర్చీలో కూర్చునే దాకా రెండు గంటల పైమాటే, అందులో పుస్తకం తెరవగలిగేది పావుగంట. ఆ గంటని చదువు కింద రాసుకుని రోజూ బాధపడేకన్నా చొక్కా జేబులో పట్టే నాలుగు చీటీలు పెట్టుకుని నిలబడే చదువుకోండి. అసలు చదువు రాత్రి ఇంట్లోనే. అది ముప్పావుగంటే అయినా సరే.

శ్రీకాకుళంలో గది తీసుకుని డీఎస్సీకి చదువుతున్న అమ్మాయి పేజీలో నమూనా పరీక్షకి రెండున్నర గంటలు ఉంది. రాసిన పేపరు దిద్దుకోవడానికి ఏమీ లేదు. పరీక్ష అవగానే తర్వాతి సబ్జెక్టు. అమ్మా, మార్కులు పెరిగేది దిద్దుకునేటప్పుడే. ఏది తప్పు, ఎందుకు తప్పు, చదవలేదా, చదివి మర్చిపోయావా, తొందరలో తప్పు గుర్తు పెట్టావా అని చూడడానికి పరీక్ష రాసినంత సేపూ పడుతుంది. అంటే ఆ పని ఐదు గంటలది. వారానికి నాలుగు కుదరకపోతే రెండు రాయి, రెండూ పూర్తిగా దిద్దుకో. పుస్తకం మూసే ముందు రేపు ఎక్కడ మొదలుపెట్టాలో ఒక ముక్క రాసి పెట్టు. సోఫీ లెరాయ్ అనే పరిశోధకురాలు 2009లో చెప్పినట్టు, సగంలో వదిలిన పని దగ్గరే మనసు కొంత ఉండిపోతుంది, కొత్త పని మీద పూర్తిగా కుదరదు.

గడప దాటే పనులకి నా పద్ధతి ఒకటుంది: గంటకి తక్కువ రాయను. పక్క వీధిలో పనైనా సరే. జిరాక్సు, ఆధార్ కార్డు, ఓటీపీ వచ్చే ఫోన్, పాస్‌బుక్, ఇవన్నీ రాత్రే ఒక కవర్లో పెట్టి తలుపు దగ్గర ఉంచుతాను. బ్యాంకు పని రెండో శనివారం, నాలుగో శనివారం పెట్టుకోకండి. సోమవారం కలెక్టరేట్లో అర్జీల రోజు, అధికారులు అక్కడ ఉంటారు. వేరే సంతకాల కోసం ఆ రోజు బయల్దేరకండి. ఇంట్లో పనులకి కూడా నేను పదిహేను నిమిషాలకి తక్కువ వేయను. "ఐదు నిమిషాలు" అన్న మాట మీ పేజీలో కనబడకూడదు.

ముందే తెలిసిన రద్దీని కూడా లెక్కలోకి తీసుకోండి. విజయదశమి తర్వాత వచ్చే మంగళవారం పైడితల్లి అమ్మవారి సిరిమాను అని విజయనగరంలో పుట్టినవాళ్లకి ఎవరూ చెప్పక్కర్లేదు. అయినా ఒకరు తొలేళ్ల రోజున, అంటే ముందురోజు సోమవారం, దుకాణం లెక్కలు ముగిస్తానని రాసుకున్నారు. ఇంటి నిండా చుట్టాలు, మూడు లాంతర్ల దగ్గర అడుగు తీసి అడుగు వేయలేనంత జనం. ఆ రెండు రోజులూ పేజీ మీద ముందే అడ్డంగా గీత కొట్టేయండి, లెక్కలు ముందు వారం చూసుకోండి. ఉభాలప్పుడు, అంటే వరి నాట్ల వేళ, పొలం ఉన్నవాళ్లు రోజుకి ఒక్క పనే రాయండి. కాలవలో నీళ్లొచ్చిన రోజు అది కూడా వద్దు.

నాలుగింటికి లేవాలా అని చాలామంది అడిగారు. నిద్ర సరిపోతే లేవండి, లేకపోతే వద్దు. ఏ పని ముందు చేయాలో మీకు తెలుసు, దాని మీద పాఠం అక్కర్లేదు. యాప్ ఏది మంచిదని అడిగినవాళ్లకి నా సలహా రూళ్ల నోట్సు, పెన్సిలు. యాప్‌లో అంచనా మార్చేస్తే పాత అంకె మాయమైపోతుంది. మనకి ఆ పాత అంకే కావాలి.

ఇలా రాస్తే రోజుకి మూడు పనులకన్నా ఎక్కువ పట్టడం లేదని మీరు అంటారు. మూడే రాయండి. పది రాసిన రోజున కూడా అయినవి మూడే కదా.

అభ్యాసం కష్టమైనదే ఇస్తున్నాను, తగ్గించను. వారం రోజులు, రోజుకి మూడు పనులు. ఒక్కో పనికి మూడు వరుసలు: ముందు, పని, వెనక. ప్రతి వరుస పక్కన అంచనా రాత్రే వేయండి. ఇలాంటి పని పోయినసారి ఎప్పుడు చేశారో, అప్పుడు ఎంత పట్టిందో పక్కన ఒక ముక్క రాయండి. తర్వాత మీ అంకె చూపించకుండా ఇంట్లో ఒకరిని అడగండి, ఈ పనికి నాకు ఎంత పడుతుందని. వాళ్ల అంకె కూడా వేయండి. మీ అమ్మగారో, మీ ఆవిడో మీకన్నా దగ్గరగా చెబుతారు, చూడండి. మర్నాడు పని మొదలైన టైము, ముగిసిన టైము అప్పటికప్పుడే గడియారం చూసి రాయాలి. రాత్రి గుర్తు తెచ్చుకుని రాస్తే అంకె మళ్లీ చిన్నదైపోతుంది. వారం చివర మూడు వరుసల్లో ఏది ఎక్కువ తప్పిందో కింద రాయండి.

పేజీలు ఫొటో తీసి పంపేటప్పుడు తేటగా తిరగరాయకండి, కొట్టివేతలతో ఉన్న అసలువే కావాలి. ఏ రోజైనా రాయడం కుదరకపోతే తేదీ వేసి ఖాళీగా వదిలేయండి. ఆ ఖాళీలు ఎక్కువగా ఏ రోజుల్లో పడ్డాయో చూసుకుని ఫోన్ పాఠం రాస్తాను.