రీమ్స్ నగరాన్ని ఒక్క రోజులో ఎలా చూడాలి?

ప్యారిస్ ప్రయాణంలో ఒక రోజు మిగిలిందని ఎవరైనా అంటే నేను రీమ్స్ వెళ్లమనే చెబుతాను. షాంపేన్ వైన్ పుట్టిన ప్రాంతంలో అన్నిటికంటే పెద్ద నగరం అది. ఫ్రాన్స్ రాజుల్లో చాలామందికి పట్టాభిషేకం జరిగిందీ అక్కడే. అయితే రైలు దిగినవాళ్లు ముందుగా వైన్ నేలమాళిగల్లోకి వెళ్లి, చివర్లో మిగిలిన అరగంటలో కేథడ్రల్ చూసి వచ్చేస్తుంటారు. ఆ వరుస సరైనది కాదు. ఎండ ఎటు తిరుగుతుందో చూసుకుని మనమూ అటే తిరగాలి.

ముందు టికెట్ సంగతి. ప్యారిస్‌లో గార్ ద లెస్ట్ స్టేషన్ నుంచి టీజీవీ అనే హైస్పీడ్ రైలులో సుమారు 45 నిమిషాల ప్రయాణం. షాంపేన్-ఆర్డెన్ అని ఇంకో స్టేషన్ ఉంది, అది ఊరి బయట ఉంటుంది. టికెట్ మీద ఊరి నడిబొడ్డున ఉన్న స్టేషన్ పేరే ఉందో లేదో చూసుకోండి. పొరపాటున బయట దిగినా ట్రామ్ ఎక్కి ఊళ్లోకి రావచ్చు. దారి అడిగేటప్పుడు ‘రీమ్స్’ అంటే అక్కడివారికి అర్థం కాకపోవచ్చు. వారు ‘రాఁస్’ అంటారు. మన పాత పుస్తకాల్లో మిగిలిపోయిన అరసున్నా ఇక్కడ అక్షరాలా పనికొస్తుంది.

నేలమాళిగల సందర్శనకు మధ్యాహ్నం రెండు, మూడు గంటల మధ్య సమయాన్ని ఆన్‌లైన్‌లో ముందుగానే తీసుకోండి. అప్పటికప్పుడు వెళితే చోటు దొరక్కపోవచ్చు. మ్యూజియంలు కూడా చూడాలనుకుంటే వాటి సెలవు రోజులు ముందే కనుక్కోండి.

స్టేషన్ నుంచి కేథడ్రల్‌కు నడక పావుగంట. పొద్దున్నే వెళ్లమనడానికి కారణం ఉంది. మన గుళ్లలో చాలావాటికి తూర్పు ముఖం. అక్కడి పాత చర్చీలకు వాకిలి పడమటికి, బలిపీఠం తూర్పుకు ఉంటాయి. కాబట్టి ఉదయపు వెలుతురు లోపలి చివరి నుంచి వస్తుంది. నేరుగా ఆ చివరి వరకూ నడవండి. చిత్రకారుడు మార్క్ షగాల్ 1974లో చేసిన గాజు కిటికీలు అక్కడున్నాయి. వాటి నీలిరంగు పొద్దుటి ఎండలో ఎంత లోతుగా కనబడుతుందో ఫోటోల్లో చూస్తే తెలియదు. కాసేపు కూర్చుని చూడండి.

ఈ కట్టడం 1211లో మొదలైంది. 1429 జూలై 17న ఫ్రాన్స్ తరఫున ఇంగ్లీషువారితో పోరాడిన యువతి జోన్ ఆఫ్ ఆర్క్ పక్కన నిలబడి ఉండగా ఏడవ చార్లెస్‌కు పట్టాభిషేకం జరిగింది ఇక్కడే. 1914 సెప్టెంబరులో జర్మన్ ఫిరంగుల దాడికి పైకప్పు తగలబడింది. దాని మీద పరిచిన సీసం కరిగి కారింది. వాకిలి దగ్గరున్న నవ్వే దేవదూత విగ్రహం తల తెగి పడి ముక్కలైంది. యుద్ధం ముగిశాక, అంతకుముందు తీసి ఉంచిన అచ్చు సాయంతో ఆ నవ్వును మళ్లీ నిలబెట్టారు. పైకప్పును ఈసారి నిప్పంటుకోని కాంక్రీటుతో కట్టారు. కేథడ్రల్ పూర్తిగా తెరుచుకునేసరికి 1938 వచ్చింది. ఆ దేవదూతను మాత్రం ఇప్పుడే చూడవద్దు, సాయంత్రానికి ఉంచండి.

శనివారం వెళితే బూలాంగ్రాన్ సంత చూడండి. 1920ల చివర్లో కట్టిన ఆ కాంక్రీటు కమాను కింద స్తంభమే లేదు. దగ్గర్లోనే పోర్ట్ ద మార్స్ అనే రోమన్ కాలపు తోరణం ఉంది. ఊరి పేరు మీద అమ్మే గులాబీరంగు బిస్కెట్లలో గుడ్డు ఉంటుంది, తినని వారు గమనించాలి.

భోజనం తరువాత దక్షిణం వైపు నడవండి. ఇరవై నిమిషాల్లో సాన్ రెమీ బాసిలికా వస్తుంది. 1049లో ప్రతిష్ఠ జరిగిన చర్చి ఇది. కేథడ్రల్ కన్నా చీకటిగా, నిశ్శబ్దంగా ఉంటుంది. దాన్ని దాటితే నేలమాళిగల గుట్ట.

వేసవి అయినా స్వెటర్ తీసుకెళ్లండి. కింద ఏడాది పొడవునా పది, పన్నెండు డిగ్రీలే. మెట్లు కూడా ఎక్కువ. పొమ్మెరీ అనే షాంపేన్ కంపెనీ వారి నేలమాళిగకు 116 మెట్లు దిగాలి. మోకాళ్ల నొప్పులున్న పెద్దవారిని తీసుకెళ్లే ముందు ఈ సంగతి ఆలోచించండి. లోపల కనబడేవి రోమన్ల కాలం నుంచి తవ్విన సుద్దరాతి గనులు. పైన సన్నటి మూతి, కిందికి వెళ్లేకొద్దీ వెడల్పు, లోతు ముప్పై మీటర్ల దాకా. ఆ చల్లదనంలో సీసాల లోపలే వైన్ రెండోసారి పులుస్తుంది. బుడగలు పుట్టేది అప్పుడే. మడ్డి మూతి దగ్గరకు చేరేలా సీసాను వాల్చి, రోజూ కాస్త కాస్త తిప్పుతారు. తరువాత మూతి దగ్గరి భాగాన్ని గడ్డకట్టించి మూత తీస్తే, లోపలి ఒత్తిడికి ఆ మడ్డి ఒక్కసారిగా బయటికి వచ్చేస్తుంది. సాధారణ రకానికి కూడా కనీసం పదిహేను నెలలు పట్టే పని ఇది. వైన్ ముట్టనివారు కూడా ఈ పనితనం కోసం తప్పక దిగాలి. చివర ఇచ్చే గ్లాసు వద్దంటే ఎవరూ ఏమీ అనుకోరు.

గోడలను కూడా చూడండి. మొదటి ప్రపంచ యుద్ధంలో పైన గుండ్లు పడుతుంటే ఊరి జనం ఈ సుద్ద గుహల్లోనే తలదాచుకున్నారు. పిల్లలకు బడి కూడా ఇక్కడే నడిచింది.

బయటికి వచ్చాక చర్చి మూసేలోపు కేథడ్రల్‌కు తిరిగి చేరుకోండి. చలికాలంలో ఐదు గంటలకే చీకటి పడుతుంది కాబట్టి అప్పుడు నేలమాళిగలకు ఇంకా తొందరగా వెళ్లేలా సమయం తీసుకోవాలి. ఈసారి లోపలికి వెళ్లి వెనక్కి తిరగండి. పొద్దున మసకగా ఉన్న పడమటి గుండ్రటి కిటికీ ఇప్పుడు వెలుగుతూ ఉంటుంది. ఆ తరువాత బయటికి వచ్చి, ఎడమ వాకిలి దగ్గర దేవదూత ఎదుట నిలబడండి. ఎండ నేరుగా ఆ ముఖం మీదే పడుతుంది. స్టేషన్‌కు పావుగంట నడక కాబట్టి రైలుకు అరగంట ముందు వరకూ అక్కడే ఉండవచ్చు.